ఇరవై రెండు నెలల పాపతో పల్లె నడక: ఎక్కడికి వెళ్ళాలి, ఎంత దూరం నడవాలి?

నిద్రలేని_తల్లి
మా పాపకు ఇరవై రెండు నెలలు. నడక వచ్చి తొమ్మిది నెలలైంది కానీ, చెప్పిన చోట ఆగడం ఇంకా రాలేదు. హైదరాబాదులో ఆరో అంతస్తులో ఉంటున్నాము కాబట్టి ఆదివారమైనా మట్టి మీద నడిపిద్దామని పోయిన వారం వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్ళాము. పసిపిల్లలతో కూడా సులువుగా నడవవచ్చునని ఎవరో రాసినది చదివి నమ్మాము. కారు దిగి వంద అడుగులు వేసిందో లేదో, పాప దారి మధ్యలో చతికిలబడి గులకరాళ్ళు ఏరి వాళ్ళ నాన్న జేబులో వేయడం మొదలుపెట్టింది. లేపితే ఏడుపు, వదిలేస్తే మళ్ళీ రాళ్ళు. చివరికి రెండు కిలోమీటర్లూ పదకొండు కిలోల పిల్లనూ అరకిలో రాళ్ళనూ ఆయనే మోశారు. తిరిగి వస్తుంటే గుడి దగ్గర ఒక కోతి పాప చేతిలోని అరటిపండు లాక్కుపోయింది. అప్పటి నుంచి ఇంట్లో అరటిపండు చూపిస్తే చాలు, "కోతీ" అని చేతులు వెనక్కి దాచుకుంటోంది. ఇంత చిన్న పిల్లలను నిజంగా నడిపించగల పల్లె దారులు మన దగ్గర ఎక్కడున్నాయో, మీరు ఎలా తీసుకువెళ్తున్నారో దయచేసి చెప్పండి.

ఇద్దరు_కవలలు
మీరు ఒక్క పిల్లతో వెళ్ళి బాధపడుతున్నారు. నా కవలల్లో ఒకడు తూర్పుకు, ఒకడు పడమరకు పరుగెత్తుతారు కాబట్టి నేను ఉన్నచోటనే గిరగిరా తిరుగుతూ ఉంటాను. మా ఇంట్లో దీన్నే నడక అంటారు.

లెక్కల_మాస్టారు
అమ్మా, తప్పు పాపది కాదు, దూరాన్ని పెద్దల కొలతతో కొలవడంలో ఉంది. మా మనవడికి రెండేళ్ళప్పుడు మా ఊరి బడి దారిలో తీసుకువెళ్ళి గడియారం చూశాను. వెళ్ళేటప్పుడు మూడు వందల మీటర్లకు నలభై నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేటప్పుడు అదే దూరం ఎనిమిది నిమిషాల్లో ముగిసింది, ఎందుకంటే వాడు నా భుజాల మీద ఉన్నాడు. అందుచేత పిల్ల ఎంత దూరం నడుస్తుందని కాక, నిద్రపోయిన పిల్లను మీరు ఎంత దూరం మోయగలరని లెక్క వేసుకుని, దానిని మించి ముందుకు వెళ్ళకండి. కొండదారిలో ఈ లెక్క తప్పిందంటే దిద్దుకునే వీలుండదు.

గట్టుమీద_గిజిగాడు
మాస్టారి లెక్కకు సరిగ్గా సరిపోయే దారులు మా కోనసీమలో ఊరికి నాలుగున్నాయి. పొలాల మధ్య నుంచి ఒకప్పుడు ఎడ్లబండ్లు వెళ్ళిన దారిని మేము పుంత అంటాము. అది ఎవరి సొంత పొలమూ కాదు, ఊరి ఉమ్మడి దారి. రెండు వైపులా కొబ్బరి తోటలో వరి చేలో ఉంటాయి, ఎత్తుపల్లాలు ఉండవు, ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగవచ్చు. మా అబ్బాయిని ఏడాదిన్నర వయసు నుంచి ఇలాంటి దారిలోనే తిప్పాను. ఇక కాలువ గట్టు సంగతి చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన తరువాత తవ్విన డెల్టా కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడ్డాయి. గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో పడవలను లాగేవారు కాబట్టి ఆ గట్లను నడవడానికి వీలుగానే వేశారు. మా ఊరి లాకుల దగ్గర నీళ్ళు దూకే చప్పుడు వినిపించగానే మావాడు నా వేలు పట్టుకుని నిలబడిపోయేవాడు. ఆ పావుగంట వాడిని కదిలించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. సంక్రాంతికి ముందు, సార్వా (వానాకాలపు వరి) కోతలు అయ్యాక వెళ్ళండి. కోసిన చేలల్లోకి బాతుల మందలను తోలుకువస్తారు. వందల బాతులు ఒకేసారి గట్టు దాటుతుంటే రెండేళ్ళ పిల్లలకు అంతకంటే పెద్ద సర్కసు అక్కరలేదు.

అనుమానం_మనిషి
గిజిగాడు గారి వర్ణన చదవడానికి బాగానే ఉంది కానీ, చెప్పిన చోట ఆగని పిల్లను నిండుగా పారుతున్న కాలువ గట్టు మీదికి తీసుకువెళ్ళమని సలహా ఇవ్వడం నాకు అర్థం కాలేదు. ఆ గట్ల అంచు ఏటవాలుగా, పచ్చగడ్డి కప్పేసి ఉంటుంది. ఎక్కడ గట్టు ముగిసి నీళ్ళు మొదలవుతాయో పెద్దవాళ్ళకే తెలియదు. నేను ఆ డెల్టాలోనే పుట్టాను, చిన్నప్పుడు అలాంటి గట్టు మీది నుంచే జారాను, చాకలి రేవులో బట్టలు ఉతుకుతున్న ఆయన జుట్టు పట్టుకుని పైకి లాగాడు. మూడేళ్ళ లోపు పిల్లలతో కాలువ గట్టు నడక వద్దే వద్దు.

గట్టుమీద_గిజిగాడు
నేను పుంతనే మొదట చెప్పాను, గట్టును తరువాత చెప్పాను. అయినా మీ అభ్యంతరం సరైనదే. గట్టు మీద నేను ఎప్పుడూ నీళ్ళ వైపు నడుస్తూ, పిల్లవాడిని పొలం వైపు ఉంచి చెయ్యి వదలకుండా నడిపించాను. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడైతే నీళ్ళ భయం ఉండదు.

అనుమానం_మనిషి
నీళ్ళ భయం ఉండదు, ఎండ మాత్రం తల పగలగొడుతుంది. మే నెలలో కోనసీమలో పసిపిల్లతో నడక అంటే ఉదయం ఆరున్నరకు మొదలై ఏడింటికి ముగియాలి.

అమ్మమ్మ_అరవైఒకటి
మా రోజుల్లో పిల్ల నడుముకు కండువా చుట్టి, రెండో కొస మా చేతికి చుట్టుకునేవాళ్ళం. పిల్ల ఇష్టం వచ్చినట్టు నడిచేది, పడబోతే మనం పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు అదే వస్తువును బజారులో పట్టీలతో కుట్టి వేల రూపాయలకు అమ్ముతున్నారని మా కోడలు చూపించింది.

ఇద్దరు_కవలలు
అమ్మమ్మ గారూ, మేము అది కొన్నాము. ఇద్దరినీ కట్టుకుని బయలుదేరితే ఊరివాళ్ళు మేకపిల్లలను సంతకు తోలుకువెళ్తున్నావా అని అడిగారు. పావుగంటలో తాళ్ళు రెండూ జడలా అల్లుకుపోయాయి.

పత్తిచేను
నల్లగొండ జిల్లాలో వ్యవసాయం చేసుకునే మనిషిని. పట్నం నుంచి వచ్చేవాళ్ళు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. మా వైపు పుంత అనము, బండ్ల బాట అంటాము. ఊరి నక్షాలో ఉన్న బాట అయితే ఎవరైనా నడవవచ్చు, కానీ పొలం గట్టు రైతుది కాబట్టి ఒక మాట అడిగి వెళ్ళండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. అడవి పందులు చేను తొక్కకుండా కొందరు చట్టవిరుద్ధమైనా తీగలు కట్టి కరెంటు పెడతారు. ఆ తీగ ఎక్కడుందో కట్టినవాడికే తెలుస్తుంది. పాత వ్యవసాయ బావులకు చాలాచోట్ల చుట్టూ గోడ ఉండదు, గడ్డి మొలిచి నేలతో కలిసిపోయి కనిపిస్తాయి. ఇక పత్తి చేనుకు మందు కొట్టినప్పుడు ఆ వాసన మీకు తగిలే దూరంలో పిల్లను నడిపించకండి. రెండేళ్ళ పిల్ల తాకిన ఆకును నోట్లో పెట్టుకుంటుంది కదా. ఈ మూడూ లేని బాట ఏదని మా ఊళ్ళో ఎవరిని అడిగినా చూపిస్తారు, అవసరమైతే వెంట వస్తారు. వచ్చినందుకు జామకాయలు కూడా ఇస్తారు.

నిద్రలేని_తల్లి
పత్తిచేను గారూ, కరెంటు తీగల సంగతి నాకు ఇంతవరకు తెలియదు, చెప్పి మంచి పని చేశారు. పోయిన ఏడాది ఒక బంధువుల ఊళ్ళో పాపను ఎత్తుకుని ఎవరినీ అడగకుండా గట్ల వెంట తిరిగాను. తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తోంది. మా అత్తగారి ఊరు తెనాలి దగ్గర. అక్కడ డొంక అని ఒక దారి ఉంది. మీరు చెప్పే పుంత, బండ్ల బాట, మా డొంక ఒకటేనా?

లెక్కల_మాస్టారు
ఒకటేనమ్మా. గోదావరి దాటితే పుంత, కృష్ణా, గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్ల బాట. పేరు మారినా రెండు ఎడ్లబండ్లు ఎదురుపడి తప్పుకునేంత వెడల్పు ఉండాలన్నదే అసలు లెక్క. ఆక్రమణలకు గురై ఇప్పుడు చాలాచోట్ల ఒక్క బండి పోవడమే కష్టమైంది, అది వేరే చర్చ.

కెమెరా_కొంగ
తెనాలి దాకా వెళ్తున్నారు కాబట్టి ఒక పూట ఉప్పలపాడు చూడండి. గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఊరి చెరువుల మధ్య చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు వేల సంఖ్యలో గూళ్ళు కట్టుకుంటాయి. కెమెరా పట్టుకున్న నాబోటివాళ్ళు అది చాలా చిన్న చోటని పెదవి విరుస్తారు కానీ, పసిపిల్లల తల్లిదండ్రులకు ఆ చిన్నతనమే వరం. దిగిన చోటు నుంచి పక్షులు కనిపించే దాకా కొద్దిపాటి నడకే ఉంటుంది, పక్షులు వెతికితే కనిపించేంత దూరంలో కాక ఎదురుగా, చేట అంత ముక్కుతో కూర్చుని ఉంటాయి. మా చెల్లెలి కూతురు రెండేళ్ళ వయసులో అక్కడ ఒక గూడబాతు నోరు తెరవగానే తానూ నోరు తెరిచి, అది మూసేదాకా మూయలేదు. పక్షి రెట్టల వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులు ఎక్కువ. కొల్లేటి దగ్గర కైకలూరు పక్కనున్న ఆటపాకలోనూ, సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టులోనూ గూడబాతులు ఇలాగే గూళ్ళు కడతాయి కానీ, మీ దారికి ఉప్పలపాడే దగ్గర.

కట్టమీది_కబుర్లు
హనుమకొండ నుంచి రాస్తున్నాను. తెలంగాణలో పసిపిల్లలతో నడకకు చెరువు కట్టను మించినది లేదని నా గట్టి నమ్మకం. చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైన తరువాత చాలా చెరువుల కట్టలను బలపరిచి వెడల్పు చేశారు. మేము పిల్లలతో రామప్ప వెళ్ళినప్పుడు గుడి చూసి, దగ్గరలోనే ఉన్న చెరువు కట్ట మీద నడుస్తాము. ఆ గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత జనం పెరిగారు కానీ చాలామంది గుడి చూసి అటునుంచి అటే వెళ్ళిపోతారు కాబట్టి కట్ట మీద ఉదయం పూట ప్రశాంతంగా ఉంటుంది. గుడిలో మా రెండేళ్ళది నల్లరాతి శిల్పాలను కాదని పచ్చిక మీది ఉడుతను చూసింది, కట్ట మీద చెరువును కాదని నా చెప్పును చూసింది. అయినా గంటసేపు తనంతట తాను నడిచింది, మాకు అది చాలు.

అనుమానం_మనిషి
మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చారు. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకుతున్న రోజున కట్ట మీద పిల్లలను చూస్తే నాకు గుండె ఆగుతుంది.

కట్టమీది_కబుర్లు
మత్తడి దూకే రోజుల్లో మేమూ వెళ్ళము అన్నా. తూము దగ్గరకు కూడా పిల్లలను పోనివ్వము. పెద్ద చెరువు కట్ట నడిమి భాగం వెడల్పుగా ఉంటుంది, పిల్ల చెయ్యి పట్టుకుని అక్కడే నడవాలి. మీరు చెబుతున్న జాగ్రత్త నిజమే కానీ, నీళ్ళున్న ప్రతి చోటునూ వద్దంటే మన ఊళ్ళలో నడవడానికి సిమెంటు రోడ్డు తప్ప ఏమీ మిగలదు.

అనుమానం_మనిషి
ఒక పెద్దమనిషికి ఒక పిల్ల చొప్పున ఉంటే ఒప్పుకుంటాను. కవలల నాన్నగారికి మాత్రం ససేమిరా ఒప్పుకోను.

ఇద్దరు_కవలలు
నేనూ ఒప్పుకోను. మాకు మా బావమరిది వస్తేనే నడక.

వానలదేశం_వాసి
ఇంగ్లండులో లాంకషైర్‌లో ఉంటాను. ఇక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే రైతు పొలం మధ్య నుంచే వెళ్ళినా అందరికీ నడిచే హక్కు ఉంటుంది, పటంలో ఆకుపచ్చ గీతలతో చూపిస్తారు. మాస్టారు చెప్పిన డొంకల పరిస్థితి చదివితే మనకూ అలాంటి పటం ఒకటి ఉంటే బాగుండుననిపించింది. అయితే హక్కు ఉన్నంత మాత్రాన పసిపిల్లలకు సులువు కాదు. కంచె దాటడానికి స్టైల్ అనే చెక్క మెట్లు ఉంటాయి, పిల్లను ఒక చేత్తో, సంచిని ఒక చేత్తో పట్టుకుని వాటిని ఎక్కడం ఒక విద్య. లేక్ డిస్ట్రిక్ట్‌లో ఈ మెట్లు లేని దారులను ఎంచి ప్రత్యేకంగా జాబితా వేశారు. వాటిలో టార్న్ హౌస్ అనే చిన్న సరస్సు చుట్టూ మూడు కిలోమీటర్ల లోపు ఉండే దారిలో మా బాబును తోపుడు బండిలో తీసుకువెళ్ళాము. వాడు మధ్యమధ్యలో దిగి, గొర్రె కనిపించినప్పుడల్లా "మే" అని, అది "మే" అనేదాకా కదలలేదు. మొదటి గొర్రె పలికింది, మిగిలిన పదకొండూ మాట్లాడలేదు. వానలో నిలబడి గొర్రెను బతిమాలిన రోజు అది.

ఇద్దరు_కవలలు
తోపుడు బండి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మన మట్టి దారుల మీద దాన్ని తీసుకువెళ్ళకండి. ట్రాక్టరు చక్రాల గాడుల్లో ముందు చక్రం దిగబడి, ఒక చోట బండిని పిల్లలతో సహా పల్లకీలా మోసుకువచ్చాము.

అమ్మమ్మ_అరవైఒకటి
చెప్పుల సంగతి ఎవరూ రాయలేదు. పల్లేరు కాయ రబ్బరు చెప్పులోంచి కూడా గుచ్చుకుంటుంది. మడమ దాకా మూసి ఉండే బూట్లు వేయండి, చేతులు కప్పే చొక్కా వేయండి. దూలగొండి, గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఎలా ఉంటాయో పిల్లకు కాదు, ముందు పిల్ల తల్లికి తెలియాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పొద్దుగూకాక గట్ల మీద తిప్పకండి, చేతిలో కర్ర పెట్టుకుని నేల మీద తాటిస్తూ నడవండి, పాము ఉంటే తప్పుకుంటుంది. జరగరానిది జరిగితే గట్టిగా కట్లు కట్టి, కోసి, మంత్రాలు వేయించి కాలం పోగొట్టకుండా కదల్చకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇవన్నీ చెప్పానని భయపడి ఇంట్లో కూర్చోకండి. జూన్‌లో తొలకరి పడ్డాక మళ్ళీ తీసుకువెళ్ళండి. ఆరుద్ర పురుగులు ఎర్రటి మఖమలు ముక్కల్లా నేల మీద పాకుతుంటాయి. మా మనవరాలు వాటిని చూసి, నా కుంకుమ భరిణె ఒలికిపోయిందని ఏడ్చింది.

పత్తిచేను
ఆరుద్ర పురుగులు ఇప్పుడు మా చేలల్లో బాగా తగ్గిపోయాయి అమ్మమ్మా. మందులు కొట్టని చెలకల్లో ఇంకా కనిపిస్తున్నాయి.

నిద్రలేని_తల్లి
శని, ఆదివారాలు తెనాలి వెళ్ళి వచ్చాము. శనివారం ఉదయం ఏడున్నరకు, మంచు విడుతుండగా డొంకలోకి దిగాము. మా మామగారు ముందే వెళ్ళి దారి చూసి వచ్చారు. బూట్లు వేశాము, కండువా కట్టాము, ఎంత దూరమని ముందే లెక్క పెట్టుకోలేదు. మొదటి మలుపు దగ్గర ఎవరిదో వడ్ల బస్తా చిల్లుపడి గింజలు రాలి ఉన్నాయి, చీమలు వాటిని లాక్కుపోతున్నాయి. ఒక్క గింజను నాలుగు చీమలు పట్టుకున్నాయి, రెండు ఇటు లాగుతుంటే రెండు అటు లాగుతున్నాయి. పాప మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముక్కు నేలకు ఆనేంతగా వంగి కూర్చుంది. నేను అలవాటుగా "పద తల్లీ" అనబోతే మామగారు చెయ్యి అడ్డుపెట్టారు. గింజ కన్నం దగ్గరికి చేరి, అడ్డంగా ఉండి లోపలికి పోక, తిరిగి, నిలువుగా లోపలికి దిగేదాకా చూసింది. అది కనిపించకుండా పోగానే నా ముఖంలోకి చూసి "అయిపోయింది" అంది. ఆ మాట తను అనడం నేను మొదటిసారి విన్నాను. ఆ తరువాత తానే లేచి, వరికోత యంత్రం వెనక దిగుతున్న కొంగల దాకా నడిచింది. ఆదివారం ఉప్పలపాడు కూడా చూశాము. కెమెరా కొంగ గారు వాసన గురించి చెప్పినది తక్కువే.

కెమెరా_కొంగ
గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడాలని చెప్పడం మరిచిపోయాను, క్షమించండి.

లెక్కల_మాస్టారు
మొత్తం ఎంత దూరం నడిచింది?

నిద్రలేని_తల్లి
మామగారు అడుగులతో కొలిచారు. వెళ్ళేటప్పుడు రెండు వందల అరవై మీటర్లు, యాభై నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు మీ మనవడిలాగే తాతగారి భుజాల మీద వచ్చింది. రాళ్ళు మాత్రం ఈసారి కూడా వాళ్ళ నాన్న జేబులోనే ఉన్నాయి.

ఇద్దరు_కవలలు
వచ్చే శనివారం నా ఇద్దరినీ ఆ చీమల దగ్గరికి తీసుకువస్తాను. మామగారిని, కండువాను సిద్ధంగా ఉంచండి.